తెల్లచీర ఎందుకు ఇడిచినవ్?

మక్తల్
11 జూన్ 2023

చెల్లె పుష్పా,

తెల్లచీర ఎందుకు ఇడిచినవ్? ముందుగల్ల ఈ ఒక్కదానికి జవాబు చెప్పు. మంచిచెడ్డలు తర్వాత మాట్లాడుదాం.

మీ హుజూర్‌నగర్ నుంచి రామచంద్రం కందివిత్తనాల పని మీద వచ్చి మనింట్ల అన్నం తిన్నడు. తినుకుంటనే చెప్పిండు. అందరు తెల్లచీరలల్ల వచ్చే మందిరానికి నువ్వు నల్లచీర కట్టుకొని వచ్చి చెప్పులకాడ కూసుంటున్నవట. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల టైముకు లేచిపోతున్నవట. ఇప్పుడైతే రావుడే బందు చేసినవట. పళ్ళెం పక్కకు జరిపి ఈ ఉత్తరం మొదలుపెట్టిన.

మూడేండ్ల కింద మన సభలల్ల మైకు పట్టుకున్నది నువ్వు కాదా? "నెలల తరబడి ఆగని నెత్తురు, అన్న ప్రార్థన చేసినంక ఆగింది" అని సాక్ష్యం చెప్పింది ఎవరు? ఆ మాటలు పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి, ఆటోకు మైకు కట్టి మాగనూరు, నర్వ, ఊట్కూరు అంత తిప్పి వినిపిస్తున్న. విన్నోళ్ళు ఏడుస్తున్నరు. వినిపించేటోని చెల్లె మాత్రం దీపం ముట్టించి కుంచం కింద పెట్టుకున్నది! పండ్లు కాయని చెట్టును ప్రభువు ఏమన్నడో యాదికి తెచ్చుకో.

ఫోన్ చేయకు. నా చెవుల సంగతి నీకు ఎరికే. ముప్పై ఏండ్లు మైకు పక్కన నిలబడితే దేవుని మాట తప్ప వేరే మాట ఇనబడుడు బందైంది. స్పీకర్ పెడితే వాడకట్టంత ఇంటది. రాయి.

మీ వదినె గోపమ్మ మంచిగనే ఉంది. నడుము గుంజుతదని నూనె రాసుకుంటది, అంతే.

నీ కోసం మండుతున్న అన్న,
పెద్దులు

*

హుజూర్‌నగర్
24 జూన్ 2023

అన్నా,

నీ ఉత్తరం చదువుతుంటె గూడ మైకు సప్పుడే ఇనబడ్డది. పక్కింటోళ్ళకు ఇనబడ్డదేమోనని తలుపు పెట్టుకున్న.

తెల్లచీరదేముంది. ఇక్కడ నల్లరేగడి, సినుకు పడితే అడుగుకో సేరు బురద. మందిరందాక పోయేసరికి తెల్లచీర నల్లచీరే అయితది. నారు పోసినం. మీ బావ నరేశ్ రైసుమిల్లుల హమాలీకి పోతుండు. నాకు తీరుత లేదు, అందుకే మందిరానికి పోత లేను.

మట్టిపనికి మన పాలమూరు నుంచి వచ్చి, కాలువ తవ్వుకుంట తవ్వుకుంట ఇక్కడనే సంసారం పెట్టుకుంటనని ఎవరనుకున్నరు? కృష్ణ నీళ్ళు ముందు మీ దిక్కు పారి తర్వాత మా దిక్కు వస్తయి. ఏటికి పోయినప్పుడల్ల ఇవి అన్న చూసిన నీళ్ళే అనుకుంట.

ఒక మాట అడుగుత, కోపం చేయకు. ఆ పెన్‌డ్రైవ్ ఆపు అన్నా. నా గొంతు ఇంక ఎవ్వరికి వినిపియ్యకు. ఎందుకని మాత్రం అడగకు.

వదినె నడుముకు వేడినీళ్ళ కాపడం పెట్టుమను.

నీ చెల్లె,
పుష్ప

*

మక్తల్
2 జూలై 2023

పుష్పా,

అడగకనా? అడుగుత! ప్రభువును ఎరగనని బొంకినోని చెవుల కోడి కూసింది. నీ చెవుల కూయాల్నంటె ఎన్ని కోళ్ళు కావాలె?

బురదనట, నారునట! సాతాను గూడ ఇంత మంచి సాకులు చెప్పలే. రామచంద్రాన్ని మళ్ళ పట్టుకొని గుచ్చి గుచ్చి అడిగిన. నరేశ్ బావ మంచం బయట అరుగు మీద ఏసుకుంటుండట గద? ఇప్పుడు సమజైంది. బావ తాగుతుండా? ఇంకో ఇల్లు పెట్టిండా? ఆ కోపానికి నువ్వు దేవుని మీద అలిగినవా? పెద్దమనిషి పరశురాంను తీసుకొని వచ్చే ఆదివారం బస్సెక్కుత. నలుగురిల కూసోబెట్టి అడుగుత నీ మొగణ్ణి.

నీ సాక్ష్యం ఆపుడు నాతోని కాదు. మొన్ననే చూడు, సబ్‌సెంటర్ నర్సు రిజ్వానమ్మ వచ్చి, "అయ్యా, మీ మందిరం ఒక్కపూట ఇస్తరా, ఆడోళ్ళకు గర్భసంచి మూతి పరీక్ష చేస్తం" అని అడిగింది. "ప్రార్థన జాగల అసుంటి పరీక్షలేంది తల్లీ? మాకు దేవుడే డాక్టర్" అని నీ సాక్ష్యం వినిపించిన. ఆమె మొత్తం విని, "మీ చెల్లె సల్లగుండాలె. కాని ఆడోళ్ళు నా దగ్గరికి రారు, మీ దగ్గరికే వస్తరు. అందుకే అడిగిన" అని సంచి సంకకు ఏసుకొని పోయింది.

బావకు చెప్పు, వస్తున్ననని.

పెద్దులు

*

హుజూర్‌నగర్
10 జూలై 2023

అన్నా,

వదినెకు జరమొచ్చి నువ్వు ఆదివారం బస్సెక్కలేదని రామచంద్రం చెప్పిండు. ఆమె జరానికి దండం. ఇంక రాకు, పరశురాం తాతను అసలే తేకు. ఈ ఉత్తరం ఒక్కనివే కూసొని చదువు.

నరేశ్ మీద ఒట్టి నింద ఏసినవ్. ఆయన తాగడు. నా చీరలు పిండేది ఆయనే. బయట పండుకునేది నేను చెప్తేనే, నా దగ్గర వాసన వస్తదని.

నువ్వు మొగోనివి, అన్నవు. రాయొద్దు. కాని రాస్తున్న. సభలప్పుడు నాది ముట్టు ఆగే ఈడు. అప్పుడు ఇష్టమున్నట్టు అయి, తర్వాత ఆగింది. నీ ప్రార్థననే ఆపిందనుకున్న, మైకుల చెప్పిన. రెండేండ్లు సుక్క లేదు. పోయిన చలికాలం నుంచి మళ్ళ మొదలైంది. ముందు నరేశ్ దగ్గరికి వచ్చినప్పుడే కనబడేది. తర్వాత ఊకెనే. ఇప్పుడు నీళ్ళలెక్క పోతది, కుళ్ళిన వాసన. నడుము, పొత్తికడుపు గుంజుతది.

తెల్లచీర మీద మరక పడితె ఎట్ల దాసుకోను? అందుకే నల్లచీర. చెప్పులకాడ అయితే గాలి వస్తది, ఎవ్వరికి వాసన తగలదు. అందుకే అక్కడ కూసున్న. బల్ల ముట్టే మొఖం లేక లేచిపోయిన.

దవాఖానకు పోదామని నరేశ్ కాళ్ళు మొక్కిండు. నేనే పోలే. ఊరూరు నా గొంతు "బాగైన" అంటుంటె, నేను దవాఖాన లైన్ల నిలబడితే నిన్ను ఏమంటరు? నర్సమ్మతోని గూడ "దేవుడే డాక్టర్" అంటివి. నిన్ను అబద్ధమాడినోన్ని చేసి నేను బతకాల్నా?

చదివి చింపెయ్యి.

పుష్ప

*

మక్తల్
14 జూలై 2023

చెల్లె,

చింపలే. మోకాళ్ళ మీద కూసొని చదివిన. తర్వాత లేచి పెన్‌డ్రైవ్ ఆటోలకెల్లి గుంజి మీ వదినె చేతిల పెట్టిన. పోపుల డబ్బల ఏసింది. ఆవాలల్ల ఉండనీ.

నా పేరు పోతే పోనీ. నీ నెత్తురు మీద నిలబడే పేరు నాకొద్దు. దవాఖానకు పో!

వాక్యం అడుగుతవా? పన్నెండేండ్ల నెత్తురుతోని ఉన్న ఆ తల్లి ఇంట్ల తలుపు పెట్టుకొని కూసున్నదా? లేదు! జనంల దూరింది. చెయ్యి చాపి ప్రభువు అంగీ అంచు ముట్టింది. నన్ను ముట్టింది ఎవరని ప్రభువు అడిగితే, వణుక్కుంటనే జరిగింది జరిగినట్టు అందరి ముంగట చెప్పింది. ఆయన ఆమెను తిట్టలే, బిడ్డా అన్నడు. పదిమంది కుష్ఠురోగులకు ఏం చెప్పిండు? పోయి చూపించుకోండ్రి అన్నడు. వాళ్ళు పోతుంటె తొవ్వల బాగైండ్రు చెల్లె. కూసుంటె కాదు, పోతుంటె!

సైకిలెక్కి రిజ్వానమ్మ కాడికి పోయిన. నీ పేరు చెప్పలే, నెత్తురు, వాసన సంగతే చెప్పిన. "తల్లీ, ఇది తప్పుడు నడత ఉన్నోళ్ళకు వచ్చే రోగమా?" అని అడిగిన. "తోబ! ఎవరు చెప్పిండ్రయ్యా మీకు?" అన్నది. ఒక వైరస్ ఉంటదట. ఒక్క మొగనితోనే కాపురం చేసిన ఇల్లాలికి గూడ అంటుతదట. శానమందికి అదే పోతదట. కొందరి ఒంట్ల ఏండ్లకేండ్లు ఉండి, గర్భసంచి మూతిని మెల్లగ పాడుచేసి క్యాన్సర్ దాక తెస్తదట. మొదట్ల నొప్పి గూడ ఉండదట, అందుకే ఎవ్వరు పట్టించుకోరట.

గట్టిగ చెప్పింది: ముట్టు ఆగినంక ఒక్క సుక్క కనబడ్డా ఊకోవద్దు. ఆలుమొగలు కలిసినంక కనబడ్డా, ముట్టుకు ముట్టుకు నడుమ కనబడ్డా, వాసన నీళ్ళు పోయినా గట్లనే. అన్నీ క్యాన్సర్ కావట. కాదని తెలిసేది గూడ చూపించుకుంటెనేనట.

బావకు నా తరఫున రెండు చేతులు జోడించు. ఆయన చీర పిండిన చేతులు నా ప్రార్థన కంటె పెద్దయి.

ఈ ఉత్తరం అందినంక పొయ్యి గూడ ముట్టియ్యకు. బస్సెక్కు.

పెద్దులు

*

హుజూర్‌నగర్
21 ఆగస్టు 2023

అన్నా,

పోయినం. నల్లగొండ పెద్ద దవాఖానల లేడీ డాక్టర్ చూసింది. బల్ల మీద పండుకొని కాళ్ళు ఎడం చేయమంటె సచ్చిపోయినంత సిగ్గైంది. "ఊపిరి బిగబట్టకమ్మా, ఇడువు" అనుకుంట మెల్లగ చూసింది. సిగ్గు ఎంతసేపుంటది, అదే లేచిపోయింది. చూసినంక, "ఇన్ని దినాలు ఎందుకు ఆగినవమ్మా?" అని అడిగింది. నేను నోరు తెరవకముందే నరేశ్, "మా బావకు మైకు ఉంది డాక్టరమ్మా" అన్నడు. ఆమెకు సమజ్ కాలే. నాకు మాత్రం ఆ బల్ల మీదనే నవ్వొచ్చింది, ఎన్ని నెలలకో.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిండ్రు. స్కాన్ గూడ చేసిండ్రు. మొన్న చెప్పిండ్రు. క్యాన్సరే అన్నా.

ఆగు, చదువుడు ఆపకు. రెండో స్టేజీ అన్నరు. మూతి దాటింది గాని దూరం పోలే. "బాగు చేసేటందుకే మందు ఇస్తం, ధైర్యంగ ఉండు. ఇంకింత ముందొస్తె ఇంక సులువు అయితుండె" అన్నది. ఆపరేషన్ కాదట. పట్నం దవాఖానల కరెంటు పెడతరట, వారానికోసారి సెలైన్ల మందు ఎక్కిస్తరట. ఆరోగ్యశ్రీల అయితదన్నరు.

డాక్టర్ ముంగట ఏడవలే. బస్టాండుల నరేశ్ మిర్చిబజ్జీలు తెచ్చి చేతిల పెడితే ఏడ్చిన. బజ్జీలు చల్లారినయని మళ్ళ ఏడ్చిన.

ప్రార్థన ఆపకు. కాని బాగైందని మైకుల చెప్పకు. ఈసారి డాక్టర్లు చెప్పేదాక ఆగు.

పుష్ప

*

మక్తల్
27 ఆగస్టు 2023

చెల్లె,

కరెంటు ఎందుకు? మన లైన్‌మెన్ పోలు మీద ఎట్ల మాడిండో నేను కండ్లార చూసిన. నీ ఒంటికి కరెంటు పెడితే ఒప్పుకోను! ఆ దవాఖానకు నేనే వచ్చి అడుగుత. నిప్పుగుండంల ముగ్గురిని కాపాడినోడు ఉన్నడు, నిజమే. గట్లని మన అంతల మనం పోయి దుంకుతమా?

ఆగబట్టక ఇంత రాసి పోస్టుకు ఉరుకుతున్న.

పెద్దులు

*

హైదరాబాద్
15 అక్టోబర్ 2023

అన్నా,

నీ కరెంటు ఉత్తరం నరేశ్ ఇక్కడ వార్డుల చదివిండు. పక్క మంచం మక్తలామె పొట్ట పట్టుకొని నవ్వింది. కరెంటు అంటె వైరు కాదన్నా, కంటికి కనబడని కిరణాలు. మిషన్ కింద పండుకుంటె చాలు, ఏమి తెల్వదు. అయినంక మాత్రం కడుపు ఖరాబైతది, ఒళ్ళు సోలిపోతది, అన్నం చూస్తే వాంతికొస్తది. లోపల పెట్టే కరెంటు ఇంక మిగిలింది. దానికి కొంచెం భయమైతుంది.

ఒకటి చెప్పన్నా? వాసన పోయింది. పొద్దున లేసి నరేశ్ దగ్గరికి జరిగి కూసుంటె ఆయన జరగలే. నేను గూడ జరగలే.

పుష్ప

*

మక్తల్
26 నవంబర్ 2023

గెలుస్తున్న నా చెల్లెకు,

నువ్వు ఇంటికి చేరినవని, డిసెంబర్‌ల మళ్ళ చూపెట్టుకోవాలని బావ రాసిండు. ఆయన అక్షరాలు నా ప్రసంగాల కంటె తిన్నగున్నయి.

ఇక్కడి ముచ్చట విను. మందిరం తలుపులు రిజ్వానమ్మకు తెరిచిన! సభలప్పటి స్టేజీ గుడ్డలు తెచ్చి పరదాలు కట్టినం. పరశురాం తాత కట్టె ఊపుకుంట వచ్చి, "దేవుని మందిరాన్ని దవాఖాన చేస్తవారా?" అని ఒర్లిండు. "తాతా, విశ్రాంతి దినం నీ గొర్రె గుంతల పడితే తీస్తవా, సోమారం దాక ఆగుతవా?" అన్న. "గొర్రెను తీస్త గాని..." అని నసిగిండు. "గొర్రె కంటె నీ కోడలు తక్కువనా?" అన్న. సాయంత్రం ఆయనే కోడలిని తీస్కొచ్చి పరదాకాడ దింపి, వేపచెట్టు దిక్కు తిరిగి నిలబడ్డడు.

ఆటో మీద మైకు నేనే పట్టిన. ముందు గర్భసంచి అనే మాట నా నోటికి రాలే. వచ్చినంక ఆగలే. ముప్పై దాటిన ప్రతి తల్లి రావాలె, రోగం లేకున్నా రావాలె అన్న. వెనిగర్ అంటరే, ఆ సిర్కా లెక్కటి మందు పూసి చూస్తరు, గంట గూడ పట్టదు. కొందరికి తెల్లమచ్చ కనబడితే మహబూబ్‌నగర్ పంపిండ్రు. అది క్యాన్సర్ కాదట, కావచ్చిన దాన్ని ముందే ఆపుడట. వాళ్ళల్ల ఒకామె నన్ను పట్టుకొని ఏడ్చింది. భయంతోని కాదు. మనుమరాలు ఎస్తేరుకు గూడ టీకా ఏపిస్తున్నం. చిన్నప్పుడే ఏపిస్తే ఆ వైరస్‌ను ఆపుతదట. ఏపిచ్చుకున్నా పెద్దయినంక పరీక్ష మానొద్దని రిజ్వానమ్మ అన్నది.

మీ వదినె పొద్దంత అందరికి చాయ్ పోసుకుంట తిరిగింది. కాని ఈ ఈడుల ఆమెకు సోకు ఎక్కువైంది. ప్రార్థనకు గూడ తెల్లచీర మాని మెరూన్ చీర కడతది. బోధకుని పెండ్లామే గిట్లుంటె మందిరం ఏం గావాలె? గట్టిగనే అడిగిన. మొఖం తిప్పుకొని వంటింట్లకు పోయింది.

నీ సాక్ష్యం కొత్తగ రాసి పంపు. ఈసారి నేనే చదువుత.

పెద్దులు

*

హైదరాబాద్
5 డిసెంబర్ 2023

అన్నా,

నిన్న చూపెట్టుకున్న. గడ్డ కనబడుత లేదన్నరు. పూర్తిగ పోయిందని చెప్పేటందుకు ఏండ్లు పడతదట, అప్పటిదాక చెప్పిన దినానికల్ల వచ్చి చూపెట్టుకోవాలె. వస్త. సినిమాకు పోయినట్టు వస్త.

సాక్ష్యం ఇదిగో, ఇంతే చదువు: "నా పేరు పుష్ప. ముందు నేను చెప్పింది సగమే. నెత్తురు మళ్ళ వచ్చింది, నేను దాసిపెట్టిన. దాసినన్ని దినాలు రోగం పెరిగింది. చెప్పిన దినం నుంచి తగ్గింది. నన్ను బతికించిన దేవుడు డాక్టరమ్మ చేతులల్ల గూడ ఉన్నడు, నా మొగని చేతులల్ల గూడ ఉన్నడు. దాసుకున్న అక్కలారా, దాసుకోకుండ్రి."

ఇది మైకుల తర్వాత చదువుదువు. ముందు వేరే పని ఉంది.

అన్నా, నా మొదటి అబద్ధం నీకు యాదికుందా? బురద. వదినెది సోకు కాదు. నీ మొదటి ఉత్తరంలనే నడుము గుంజుతదని రాసినవ్. ఇప్పుడు మెరూన్ చీర అంటున్నవ్. ఆ రంగు మీద మరక కనబడదన్నా. నాకు ఎరికే, నల్లచీర కొనకముందు నేను బీరువల వెతికి వెతికి కట్టిన రంగది. పొద్దంత అందరికి చాయ్ పోసిన మనిషి తాను పరదా ఎనకకు పోయిందా? నువ్వు అడిగినవా? ఊరంత మైకుల పిలిచినవ్, వంటింటి దాక ఆ మైకు ఇనబడ్డదా?

ఫోన్ చేస్తె ఆమెనే ఎత్తుతది, "నాకేం లేదు పుష్పా" అంటది. నేను గూడ గట్లనే అన్న. అందుకే నన్ను చూసి పోదామని ఇక్కడ దిగిన రామచంద్రం పొద్దుగాల బస్సుకు మక్తల్ వస్తుంటె ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్న. పగటీలికి నీ చేతిల ఉంటది. ఇయ్యాల సభ ఉంటె ఆపు. దేవుడు ఆగుతడు, ఇది ఆగదు.

ఏమీ కాకపోవచ్చు. అయినా నా కంటె ముందే దొరకొచ్చు, సులువుగ పోవచ్చు. చూపిస్తెనే తెలుస్తది.

ఉత్తరం మడిచి లే. పోపుల డబ్బకాడికి పో. ఈసారి అరవకు. పక్కన కూసొని, వాడకట్టుకు ఇనబడకుండ మెల్లగ అడుగు: "గోపమ్మా, తెల్లచీర ఎందుకు ఇడిచినవ్?" ఆమె మొఖం తిప్పుకుంటె నువ్వు తిప్పుకోకు. చెప్పేదాక కూసో. చెప్పినంక సైకిల్ తియ్యి, ఎనక కూసోబెట్టు. పొద్దు గూకేదాక రిజ్వానమ్మ సబ్‌సెంటర్ల ఉంటది. రేపు కాదన్నా. ఇయ్యాలనే, ఇప్పుడే పోండ్రి.

పుష్ప